సాళ్ళ మధ్య చిన్న కారు: వ్యవసాయ విశ్వవిద్యాలయాలు తామే నిర్మించుకోవలసిన ప్రయోగ వేదిక

2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం మార్గదర్శకాలను సవరించింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలు డ్రోన్ కొనుగోలు చేస్తే, 10 లక్షల రూపాయల పరిమితికి లోబడి, దాని పూర్తి ఖరీదును సాయంగా పొందే వీలు ఆ సవరణతో కలిగింది. అప్పటినుంచి క్షేత్ర దినోత్సవాలలో డ్రోన్ ప్రదర్శన పరిపాటి అయింది. పిచికారీలో శ్రమ తగ్గడం, మందు మనిషి మీద పడకపోవడం చిన్న ప్రయోజనాలు కావు. అయితే ప్రదర్శన ముగిశాక ఆసక్తిగల విద్యార్థి అడిగే ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది: ఈ యంత్రం ఎటు పోవాలో ఎలా నిర్ణయించుకుంటున్నది? దానికి జవాబు చెప్పగలవారు ఆ ప్రాంగణంలో చాలా సందర్భాలలో ఉండరు. పెట్టెకు సీలు ఉంటుంది, లోపలి ప్రోగ్రాము తయారీదారు సొత్తు, మరమ్మతుకు కంపెనీ మనిషి రావాలి.

డ్రోన్ తరువాత వరుసగా మరికొన్ని యంత్రాలు రానున్నాయి. సాళ్ళ మధ్య తమంతట తాము నడిచి కలుపు తీసేవి, మొక్కను గుర్తించి మందు వేసేవి, డ్రైవరు లేకుండా దుక్కి దున్నేవి ఇతర దేశాలలో ఇప్పటికే పొలాల్లోకి దిగాయి. వాటిని తెలుగు రాష్ట్రాల రైతుకు సిఫార్సు చేయవచ్చునా లేదా అని చెప్పవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తల మీద పడుతుంది. ఒక వంగడాన్ని సిఫార్సు చేయడానికి ముందు ఎన్ని కేంద్రాలలో, ఎన్ని ఋతువులలో పరీక్ష జరుగుతుందో వారికి తెలుసు. యంత్రం విషయానికి వచ్చేసరికి చేతిలో కంపెనీ కరపత్రం ఒక్కటే ఉంటే, విస్తరణ శాస్త్రవేత్త చేసేది సిఫార్సు కాదు, ప్రచారం. ఈ స్థితి రాకుండా చూసుకోవడానికి వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలకు ఇప్పుడు అందుబాటులో ఉన్న మార్గాలలో అతి చౌకైనది, అతి తక్కువ ప్రమాదకరమైనది ఒకటున్నది. మూర ఎత్తు కూడా లేని, తనంతట తాను నడిచే చిన్న కారును ఓపెన్ సోర్స్ పద్ధతిలో విద్యార్థుల చేతనే కట్టించి, దానిని పైరు సాళ్ళలో నడిపి చూడడం ఆ మార్గం.

గాడిద పేరు పెట్టుకున్న బండి

ఇది వినడానికి ఆటవస్తువులా తోచవచ్చు. కాని ఈ రంగంలో చాలా పని చిన్న బండ్ల మీదనే జరిగింది, జరుగుతోంది. 2016లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో డుకీటౌన్ అనే బోధనా కార్యక్రమం మొదలైంది. బొమ్మ బాతులు ప్రయాణికులుగా ఉండే బుల్లి పట్టణంలో బుల్లి బండ్లను విద్యార్థులు నడిపిస్తారు. అదే ఏడాది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అసలు కారులో పదో వంతు పరిమాణంతో ఎఫ్‌వన్‌టెన్త్ అనే పందెపు బండి వేదిక రూపొందింది. కాలిఫోర్నియా ఔత్సాహికులు విల్ రాస్కో, ఆడమ్ కాన్వే దాదాపు ఆ కాలంలోనే డాంకీ కార్ అనే ఓపెన్ సోర్స్ నమూనాను విడుదల చేశారు. గాడిద మొండిది, అయినా పిల్లల దగ్గర ప్రమాదం లేనిది, మనిషి బరువు మోయడానికి మొదట మచ్చిక చేసుకున్న జంతువులలో ఒకటి అన్నది ఆ పేరుకు వారు చెప్పిన కారణం. ఎద్దును కాడికి అలవాటు చేసిన రైతు కుటుంబాల నుంచి వచ్చే విద్యార్థులకు ఈ పేరు వెనుక హాస్యం వేరే చెప్పనక్కరలేదు.

డాంకీ కార్‌లో భాగాలు కొద్ది. రిమోట్‌తో నడిచే కారు చట్రం, ముందు చక్రాలను తిప్పే సర్వో మోటారు, వెనుక మోటారుకు వేగ నియంత్రకం, రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, దానికి ఒక కెమెరా, బ్యాటరీ. మొత్తం ఖర్చు సుమారు 250 నుంచి 300 డాలర్లు, అంటే రూపాయలలో ఇరవై అయిదు వేల ప్రాంతం. ఒక్క డ్రోన్‌కు ఇచ్చే 10 లక్షల సాయంతో ఇటువంటివి నలభై కట్టవచ్చు. ఎఫ్‌వన్‌టెన్త్ బండి లేజరు కిరణాలతో దూరాలు కొలిచే లైడార్ మీద ఆధారపడుతుంది కనుక దాని ఖర్చు వేల డాలర్లలోకి పోతుంది. తొలి అడుగుకు అది అవసరం లేదు.

పనిచేసే తీరు కూడా సులభంగా గ్రహించదగినదే. మొదట మనిషి రిమోట్‌తో బండిని నడుపుతాడు. కెమెరా సెకనుకు 20 చిత్రాలు తీస్తుంది. 160 చుక్కల వెడల్పు, 120 చుక్కల ఎత్తు గల చిన్న చిత్రాలవి. ప్రతి చిత్రంతో పాటు ఆ క్షణాన మనిషి చక్రాన్ని ఎంత తిప్పాడు, వేగం ఎంత ఇచ్చాడు అన్నది నమోదవుతుంది. పది నిమిషాలు నడిపితే 12,000 చిత్రాలు చేరతాయి. వాటిని ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు చూపి శిక్షణ ఇస్తే, ఆ తరువాత కొత్త చిత్రం కనబడినప్పుడు మనిషి ఎంత తిప్పి ఉండేవాడో అది ఊహించి చక్రాన్ని తిప్పుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డీన్ పోమర్లో 1989లోనే 30 వరుసలు, 32 నిలువుల చిత్రంతో ఒక వ్యానును ఇదే విధంగా రోడ్డు మీద నడిపించాడు. 2016లో ఎన్‌విడియా పరిశోధకులు 72 గంటల డ్రైవింగ్ చిత్రాలతో దానిని పెద్ద ఎత్తున చేసి చూపారు. వారి నెట్‌వర్క్‌లో సుమారు రెండున్నర లక్షల పరామితులు మాత్రమే ఉన్నాయి.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. డ్రైవరు ఎంత చక్కగా నడిపితే శిక్షణ అంత అసంపూర్తిగా మిగులుతుంది. ఎప్పుడూ దారి నడుమనే నడిపిన మనిషి చిత్రాలలో బండి పక్కకు జరిగిన దృశ్యం ఒక్కటీ ఉండదు; అందువల్ల బండి కొంచెం పక్కకు జరగగానే, ఎన్నడూ చూడని దృశ్యం ఎదురై, మరింత పక్కకు పోతుంది. పోమర్లో తన చిత్రాలను కృత్రిమంగా జరిపి ఈ చిక్కును దాటాడు. ఎన్‌విడియా వారు ఎడమ, కుడి వైపులకు అదనపు కెమెరాలు బిగించారు. చిన్న కారుతో విద్యార్థి చేయగలిగింది మరీ సులువు: కావాలని బండిని మొక్కల వైపు పోనిచ్చి, అక్కడి నుంచి వెనక్కు తెచ్చే భాగాన్ని మాత్రమే నమోదు చేయడం. సాలు తప్పిన కోడెను తిరిగి సాలులోకి మళ్ళించడం నేర్పే రైతు చేసే పనీ ఇదే.

రోడ్డు పెరగదు, పైరు పెరుగుతుంది

ఇంజనీరింగ్ కళాశాలలలో ఈ బండ్లు గచ్చు నేల మీద అంటించిన టేపు వెంట తిరుగుతాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ టేపు దగ్గర ఆగిపోతే ఈ ప్రయత్నానికి అర్థం లేదు. దాని బండి తిరగవలసిన చోటు మొక్కజొన్న చేను.

మొక్కజొన్నను 60 సెంటీమీటర్ల సాళ్ళలో, మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్ల ఎడంతో విత్తుతారు. 25 సెంటీమీటర్ల వెడల్పు గల బండి సాళ్ళ నడుమ నడిస్తే అటూ ఇటూ పదిహేడున్నర సెంటీమీటర్ల చొప్పున ఖాళీ ఉంటుంది. బండి ముఖం 10 డిగ్రీలు పక్కకు తిరిగిందనుకుంటే, ఒక్క మీటరు ముందుకు పోయేసరికి అది 17.6 సెంటీమీటర్లు పక్కకు జరిగి మొక్కను తాకుతుంది. సెకనుకు అర మీటరు వేగంతో పోతున్న బండికి ఈ లోపల రెండు సెకన్ల వ్యవధి, అంటే 40 చిత్రాలు, 40 నిర్ణయాలు ఉంటాయి. వేగం రెట్టింపు చేస్తే అవి 20కి పడిపోతాయి. వేగం, కెమెరా, సాలు ఎడం మధ్య గల ఈ సంబంధాన్ని నల్లబల్ల మీద ఒక పీరియడ్‌లో చెప్పవచ్చు. కాని మూడో సాలులో బండి ఆరు మొక్కలను వంచేసిన తరువాత విద్యార్థి దానిని మరచిపోడు.

గట్టు దగ్గర మలుపు మరొక పాఠం. ముందు, వెనుక చక్రాల మధ్య 32 సెంటీమీటర్ల దూరం ఉండి, చక్రం 25 డిగ్రీల వరకే తిరిగే బండికి మలుపు వ్యాసార్థం సుమారు 69 సెంటీమీటర్లు. పూర్తిగా వెనక్కు తిరిగేసరికి అది 1.37 మీటర్ల అవతల తేలుతుంది. పక్క సాలు 60 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నది కనుక దానిలోకి ఒక్క మలుపుతో ప్రవేశించలేదు. ఆ తరువాతిది 1.2 మీటర్ల దూరంలో ఉన్నా, అదీ చాలదు. రెండింటిని విడిచి మూడవ దానిలోకి పోవాలి, లేదా గట్టు దగ్గర వెనక్కు ముందుకు ఆడాలి. ట్రాక్టరు నడిపేవారు గొర్రుతో విత్తేటప్పుడు సాళ్ళను విడిచి విడిచి తిరగడం వెనుక ఉన్న లెక్క ఇదే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం తెలంగాణలో 1.00 హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు. అదీ ఒకే ముక్కగా ఉండదు. ఇంత చిన్న మడిలో పెద్ద స్వయంచాలిత యంత్రానికి గట్ల దగ్గర తిరగడానికే ఎంత నేల, ఎంత కాలం వృథా అవుతుందో కొలవకుండా దానిని పొగడడం గాని తెగడడం గాని తొందరపాటే.

అన్నిటికంటే కఠినమైనది దృశ్యం మారడం. నిన్న నేర్చుకున్న రోడ్డు రేపూ అలాగే ఉంటుంది. మొక్కజొన్న సాలు అలా ఉండదు. విత్తిన పదిహేనో రోజున బండికి పైనుంచి కనిపించేవి గోధుమ రంగు నేల మీద రెండు పచ్చని గీతలు. నెల దాటేసరికి ఆకులు దారి మీదికి వంగుతాయి. యాభై రోజులకు బండి ఆకుల కింద చీకటి సొరంగంలో నడుస్తున్నట్టే; కాండాలు స్తంభాలవలె కనిపిస్తాయి, ఆకుల కప్పు కింద ఉపగ్రహ సంకేతాలు కూడా బలహీనపడతాయి. ఉదయపు నీడ ఒక వైపు, సాయంకాలపు నీడ మరొక వైపు పడుతుంది. చెలక నేల ఎరుపు, నల్లరేగడి నలుపు, తడిస్తే రెండూ ముదురు రంగు. కలుపు పెరిగిన చోట పచ్చని గీతే చెదిరిపోతుంది. ఒక చేనులో ఒక ఉదయం తీసిన 12,000 చిత్రాలతో శిక్షణ పొందిన బండి మరుసటి వారమే తడబడవచ్చు. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు తడబడిందో తెలుసుకోవడమే ఇక్కడ పరిశోధన.

ఈ కారణంగానే న్యూరల్ నెట్‌వర్క్‌తో మొదలు పెట్టడం కన్నా పాత పద్ధతితో మొదలు పెట్టడం మేలు. చిత్రంలోని ప్రతి చుక్కకు పచ్చదనాన్ని రెండింతలు చేసి, అందులో నుంచి ఎరుపును, నీలాన్ని తీసివేస్తే మొక్క నేల నుంచి విడివడి కనిపిస్తుంది. 1990లలోనే కలుపు పరిశోధకులు వాడిన సూచిక ఇది. ఆ పచ్చని చుక్కల గుండా గీతలు గీసి, రెండు గీతల నడిమి దారిని బండికి ఇవ్వవచ్చు. ఇందులో ప్రతి మెట్టూ విద్యార్థి కంటికి కనిపిస్తుంది, తప్పు ఏ మెట్టులో జరిగిందో వేలు పెట్టి చూపవచ్చు. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన గై కోల్‌మన్ బృందం 2022లో ప్రచురించిన ఓపెన్ వీడ్ లొకేటర్ అనే పరికరం సరిగ్గా ఇటువంటి రంగుల లెక్కతో, రాస్‌ప్బెర్రీ పై మీదనే, బీడు నేలలో కలుపును గుర్తిస్తుంది. దాని ప్రోగ్రాములు, తయారీ వివరాలు అందరికీ తెరిచి ఉన్నాయి. ఆకులు కమ్మి రంగుల లెక్క విఫలమయ్యే దశలో నెట్‌వర్క్ అవసరం విద్యార్థికి తానుగా తెలిసివస్తుంది.

చేను బండిని కూడా మారుస్తుంది. నున్నని నేలకు చేసిన పందెపు చట్రం మట్టిబెడ్డల మధ్య పనికిరాదు. నేలకు ఎత్తుగా ఉండి, నాలుగు చక్రాలకూ శక్తి అంది, నెమ్మదిగా బలంగా కదిలే రాళ్ళమీది బండి చట్రం కావాలి. సెన్సారు లేని బ్రష్‌లెస్ మోటారు తక్కువ వేగంలో కుదుపుతుంది. త్రీడీ ప్రింటరులో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో అచ్చు వేసిన కెమెరా పీఠం 60 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. రోహిణి కార్తె ఎండలో ఆ వేడి నల్లని పీఠానికి పెద్ద దూరం కాదు. రాస్‌ప్బెర్రీ పై కూడా 80 డిగ్రీలు దాటితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. లిథియం పాలిమర్ బ్యాటరీలను ఎవరూ దగ్గర లేకుండా చార్జింగ్‌లో ఉంచరాదు. వాన పడిన మరునాడు రేగడిలో చక్రాలకు మట్టి ముద్దలు కట్టుకుంటాయి. ఆ రోజుకు బండికి సెలవే.

వ్యవసాయ విద్యార్థి చేతిలో ఉన్న ఆయుధం

స్వయంచాలిత వాహనాల విషయంలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు వెనుకబడి ఉన్నాయనే భావన ఒకటి ఉంది. హైదరాబాద్ ఐఐటీలోని టిహాన్ కేంద్రం సుమారు 130 కోట్ల రూపాయల కేంద్ర నిధులతో ఏర్పడింది. డ్రైవరు లేని వాహనాల పరీక్షా ప్రాంగణం అక్కడ 2022 జులైలో ప్రారంభమైంది. అది సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్నది. అదే కందిలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది. ఇటు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి బాపట్లలో, మడకశిరలో అటువంటి కళాశాలలు ఉన్నాయి. కోట్ల ప్రాంగణంతో ఇరవై అయిదు వేల బండి పోటీపడలేదు, పోటీపడవలసిన పనీ లేదు. వ్యవసాయ కళాశాలకు ఉన్న బలాలు వేరు: వారం వారం మారే పైరు గల పరిశోధన క్షేత్రం ఒకటి, ఆ క్షేత్రంలో ప్రయోగాన్ని ఎలా అమర్చాలో తెలిసిన సంప్రదాయం మరొకటి.

రెండవది మరీ ముఖ్యం. చిన్న కార్ల ఔత్సాహికులు బండి ఒక చుట్టు పూర్తి చేస్తే వీడియో తీసి ఆనందిస్తారు. ఒక్కసారి జరిగినదానిని ఫలితమని అనరాదని వ్యవసాయ విద్యార్థికి రెండో ఏడాదిలోనే చెబుతారు. రోథమ్‌స్టెడ్‌లో ఫిషర్ పైరు మడుల కోసం రూపొందించిన రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ ఈ బండికి అచ్చంగా సరిపోతుంది. మూడు పద్ధతులను పోల్చాలనుకుందాం: రంగుల లెక్క, ఒకే చేనులో శిక్షణ పొందిన నెట్‌వర్క్, అనేక చేలలో శిక్షణ పొందిన నెట్‌వర్క్. ఏడు బ్లాకులు తీసుకుంటే ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ సరిగ్గా 12 అవుతాయి. వెలుతురు మారే తీరును బట్టి గాని, నేల ఎగుడుదిగుడును బట్టి గాని బ్లాకులను విడదీయవచ్చు. ఏ సాలులో ఏ పద్ధతి అన్నది చీటీ వేసి నిర్ణయించాలి. ఇందులో ఏదీ విద్యార్థులకు కొత్త కాదు.

కొలవవలసినది ఏమిటన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఎన్‌విడియా పరిశోధకులు ఒక కొలత వాడారు: మనిషి జోక్యం చేసుకున్న ప్రతిసారి ఆరు సెకన్లు పోయినట్టు లెక్కించి, మిగిలిన కాలం ఎంత శాతమో చెప్పడం. 600 సెకన్లలో పది జోక్యాలు అవసరమైతే స్వయంచాలన 90 శాతం. వినడానికి గొప్పగానే ఉన్నది. సెకనుకు అర మీటరు చొప్పున ఆ 600 సెకన్లలో బండి నడిచేది 300 మీటర్లు. అంటే ప్రతి 30 మీటర్లకు ఒకసారి ఎవరో దానిని పట్టుకోవాలి. అటువంటి యంత్రం వెనుక రైతు రోజంతా నడవవలసిందే, కూలి ఏమీ తగ్గదు. కరపత్రంలో 90 శాతం అని చదివినప్పుడు విస్తరణ శాస్త్రవేత్తకు ఈ 30 మీటర్లు గుర్తుకు రావాలి. రైతుకు అర్థమయ్యే కొలత మరొకటి ఉన్నది. 100 మీటర్ల సాలు దాటేసరికి బండి రెండు వైపులా కలిపి వెయ్యి మొక్కల పక్కగా పోతుంది. ఆ వెయ్యింటిలో ఎన్ని తాకింది, ఎన్ని విరిచింది? ఈ సంఖ్యను రైతు వేదికలో చెబితే ఏ వివరణా అవసరం ఉండదు.

ఆక్షేపణలు, ఓపెన్ సోర్స్ అనే మాట

చిన్న బండి నేర్పలేనివి ఉన్నాయి, వాటిని దాచనక్కరలేదు. మూడు కిలోల బండి చక్రం నేలలో జారే తీరు నుంచి రెండు టన్నుల ట్రాక్టరు జారే తీరును ఊహించలేము. నేల గట్టిపడడం, లాగుడు బలం, నాగలి లోతు వంటివి బండి పరిమాణాన్ని తగ్గించినంత మాత్రాన అదే నిష్పత్తిలో తగ్గవు. వాటికి సాయిల్ బిన్, అసలు ట్రాక్టరు ఉండవలసిందే. చిన్న బండి నేర్పేది చూపు, నిర్ణయం, అదుపు, వాటిలోని లోపాలు. ఈ భాగంలో దాని చిన్నతనమే మేలు. సెకనుకు మీటరు వేగంలో మూడు కిలోల బండి గతిశక్తి 1.5 జౌళ్ళు, రెండు టన్నుల ట్రాక్టరుది 1000 జౌళ్ళు. ప్రోగ్రాములో తప్పు వల్ల మొదటిది పక్కకు పోతే మొక్క వంగుతుంది. రెండవది పోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. విద్యార్థి ధైర్యంగా తప్పు చేయగలిగే యంత్రం మొదటిదే.

ఎమ్‌టెక్ ప్రాజెక్టులలో ఇటువంటివి ఇప్పటికే అక్కడక్కడ జరుగుతున్నాయి కదా అనవచ్చు. జరుగుతున్నాయి, బీరువాలో ముగుస్తున్నాయి. విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్ళిన మరుసటి ఏడాది బండిని కదిలించగలవారు ఉండరు. ప్రోగ్రాము అతని ల్యాప్‌టాప్‌తో పాటే పోతుంది. కొత్త విద్యార్థి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు. సిద్ధాంత గ్రంథంలో ఫలితాల పట్టికలు మిగులుతాయి, వాటిని పుట్టించిన చిత్రాలు మిగలవు. ఇది పరికరాల లోటు కన్నా పెద్ద లోటు. ఓపెన్ సోర్స్ అన్న మాటకు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉండవలసిన అర్థం ఇక్కడే తేలుతుంది: ఇతరుల ప్రోగ్రామును ఉచితంగా దించుకోవడం కాదు, తనదానిని తరువాతివాడు అందుకోగలిగేట్టు పెట్టడం.

ఇందులో చట్టపరమైన చిక్కు ఒకటి తరచుగా మరుగునపడుతుంది. భారత కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగానే పరిగణిస్తుంది. లైసెన్సు ఏదీ పేర్కొనకుండా అంతర్జాలంలో పెట్టిన ప్రోగ్రామును చూడవచ్చునే గాని, వాడుకునే హక్కు ఇతరులకు దానంతట అది రాదు. డాంకీ కార్ ఎమ్ఐటీ లైసెన్సుతో ఉన్నది. ఎవరైనా దానిని తీసుకొని మూతపెట్టిన తమ ఉత్పత్తిలో కలుపుకోవచ్చు. నేల మీది బండ్లను సైతం నడిపే ఆర్డుపైలట్ జీపీఎల్ లైసెన్సుతో ఉన్నది. దానిని మార్చి అమ్మేవారు తమ మార్పులను కూడా కొనుగోలుదారులకు తెరిచి ఇవ్వాలి. ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయానికి రెండవ తరహా లైసెన్సే తగినదనిపిస్తుంది, ఎందుకంటే రైతు చేలలో తీసిన చిత్రాలతో నేర్చిన ప్రోగ్రాము చివరకు రైతుకే మూతపెట్టె రూపంలో తిరిగి రావడం న్యాయం కాదు. కెనడాలోని అల్బెర్టాకు చెందిన రైతు బ్రయాన్ టిష్లర్ తన ట్రాక్టరును సాలు తప్పకుండా నడపడానికి రాసుకున్న ఆగ్‌ఓపెన్‌జీపీఎస్ ప్రోగ్రామును అందరికీ ఇచ్చాడు. వివిధ దేశాల రైతులు దానిని తమ పాత ట్రాక్టర్లకు బిగించుకుంటున్నారు. ఒక రైతు చేసిన పనిని విశ్వవిద్యాలయం చేయలేదనడానికి కారణం కనిపించదు.

చిత్రాల సేకరణకు ఏర్పాటు కూడా చేతిలోనే ఉన్నది. చివరి ఏడాది వ్యవసాయ విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం కింద పల్లెల్లో ఉంటారు. అప్పుడు బండి వారి వద్ద లేకపోయినా ఫరవాలేదు. బండి కెమెరా ఉండే ఎత్తులో ఒక ఫోనును కర్రకు కట్టి, రైతు అనుమతితో సాళ్ళ వెంట నడిస్తే చాలు. విత్తి ఎన్ని రోజులైంది, నేల రకం, సాలు ఎడం, గంట ఎంత అన్న నాలుగు వివరాలు ప్రతి వీడియోతో రాయాలి. రైతు పేరు, సర్వే నంబరు అందులో ఉండకూడదు. రెండు మూడు ఋతువులు గడిస్తే చెలకల నుంచి రేగళ్ళ వరకు, మొక్కజొన్న, పత్తి, కంది, మిరప సాళ్ళ చిత్రాల సంపుటి ఒకటి తయారవుతుంది. చట్రం, మోటారు బజారులో దొరుకుతాయి. తెలుగు నేలల సాళ్ళ చిత్రాలు మాత్రం ఎవరూ అమ్మరు.

తయారీ వివరణ తెలుగులో ఉండాలి. ఇప్పుడున్నవన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి కనుక పాలిటెక్నిక్ విద్యార్థి గాని, పల్లెలో ఎలక్ట్రికల్ మెకానిక్ గాని వాటి దగ్గరకు పోవడం లేదు. ఏ తీగ ఎక్కడ కలపాలి, బండి ఎడమకు లాగుతుంటే ఏది సరిచేయాలి, ఏ ప్రయోగం ఎందుకు విఫలమైంది అన్నవి చిన్న పుస్తకంగా బండితో పాటు ఉండాలి. విఫలమైన ప్రయోగాల పేజీలే తరువాతి బృందానికి ఎక్కువ పనికివస్తాయి.

కాలం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. రంగుల లెక్కతో పనిచేసే గడువు మొక్కజొన్నలో విత్తిన పదిహేనో రోజు నుంచి సుమారు నలభయ్యో రోజు వరకే, అంటే మూడున్నర వారాలు. వానాకాలం పైరుకు ఇది జులై, ఆగస్టు నెలలలో పడుతుంది. అందులో వాన రోజులు, రేగడి ఆరని రోజులు తీసివేస్తే బండి నడిచేవి పది, పన్నెండు రోజులకు మించవు. ఏడు బ్లాకుల ప్రయోగానికి అవి సరిపోతాయి, బండి అప్పటికే నడుస్తూ ఉంటే. విడిభాగాల కొనుగోలు దస్త్రం జనవరిలోనే కదలాలి, వేసవి సెలవులకు ముందే బండి గచ్చు నేల మీద టేపు వెంట తిరిగి ఉండాలి. విత్తనం పడ్డాక మొదలుపెట్టే బృందం యాసంగి మొక్కజొన్న దాకా ఆగవలసి ఉంటుంది.